పొలిమేర దాటి వచ్చే దేవుళ్లు

గోదావరికి రెండు గట్లు: 12వ భాగం

గత భాగంలో జోడేఘాట్ గుట్టల దగ్గర ఆగాం. 1940లో కుమ్రం భీం, ఆయన వెంట నిలిచిన గోండు వీరులు నిజాం పోలీసుల తుపాకులకు ఎదురొడ్డి అక్కడే నేలకొరిగారు. ఆ గూడేలవాళ్లు భీం వర్ధంతికి ఇంగ్లీషు తేదీ చూడరు, ఆశ్వయుజ పౌర్ణమిని చూస్తారు. ఆ పున్నమి నుంచి దీపావళి అమావాస్య దాకా ఉన్న పక్షం రోజులే ఈ భాగానికి కాలం. ఆ రోజుల్లో అడవి పల్లెల్లో ఒంటినిండా బూడిద, తలమీద నెమలి ఈకల గోపురం, భుజాన మేకతోలు, ముఖాన గడ్డాలు పెట్టుకున్న ఆకారాలు ఊరూరూ తిరుగుతాయి. చూసిన పసిపిల్లలు అమ్మ కొంగు చాటుకు పోతారు. పెద్దవాళ్లు ఎదురెళ్లి కాళ్లు మొక్కుతారు.

ఈ రెండూ ఒకే వాకిట్లో ఎందుకు జరుగుతాయో తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి ఆ గూడెంలో కూర్చున్న ఒక పరదేశి కథ ఇది.

శత్రుదేశపు పాస్‌పోర్టు

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రం చదివారు. తర్వాత లండన్‌లో మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ దగ్గర కొంతకాలం ఉన్నారు. జాతుల గురించి పుస్తకాలు చదివి రాయడం కన్నా వాళ్ల మధ్యకు పోయి ఉండి, వాళ్ల మాట నేర్చుకుని రాయాలనేది ఆ గురువు బాట. ఆ బాటనే 1936లో నాగా కొండలకు వచ్చి, కొన్యాక్ నాగాల మధ్య గడిపి వెళ్లారు.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. వియన్నాలో పుట్టినవాడి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు మిగిలింది. ఆ ఏడే బెట్టి బర్నార్డో అనే ఆంగ్ల యువతిని పెళ్లాడారు. మరుసటి ఏడు ఆగస్టులో ఇద్దరూ హైదరాబాద్ సంస్థానానికి బయలుదేరి వచ్చారు. నెల తిరగకముందే రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. బ్రిటిష్ సర్కారు లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. అలాంటి ఎందరినో శిబిరాల్లో బంధించారు. హైమన్‌డార్ఫ్‌కు మాత్రం పైవాళ్ల మంచిమాట దక్కి, నిజాం రాజ్యం ఎల్లలు దాటకూడదనే కట్టడితో బయట ఉండనిచ్చారు.

దేశాలు తిరగడానికి వచ్చిన మనిషికి అలా ఒక్క సంస్థానమే లోకమైంది. 1940లో నల్లమలలో చెంచుల దగ్గర ఉన్నారు. ఆ తర్వాత గోదావరి పాపికొండల్లో కొండరెడ్ల దగ్గరకు పోయారు. అప్పటికే జోడేఘాట్ నెత్తురు ఆరింది గానీ గోండుల గుండెమంట ఆరలేదు. రిజర్వు ఫారెస్టు గీతలు వాళ్ల పోడును మింగాయి. తాతలు చదును చేసిన నేలకు మైదానం నుంచి వచ్చినవాళ్లు కాగితాలు పుట్టించుకున్నారు. అప్పుల పద్దులో ఎడ్లు, పంట, చివరకు మనిషి రెక్కల కష్టం కూడా షావుకారు పాలయ్యాయి. ఎందుకింత మంట పుట్టిందో తెలుసుకోవాల్సిన అవసరం సర్కారుకు పడింది. హైమన్‌డార్ఫ్ దంపతులు ఆదిలాబాద్ అడవికి చేరింది ఆ కాలంలోనే.

వాళ్లు ఉండటానికి ఎంచుకున్న ఊరు మార్లవాయి. ఇప్పుడది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. గూడెంలో గోండుల ఇళ్ల సరసన వాళ్లదీ ఒక గుడిసె లేచింది. గోండి మాట నేర్చుకున్నారు. పగలు చేలల్లో, రాత్రి నెగడి దగ్గర పెద్దల మాటలు విన్నారు. గోండుల కథకులైన ప్రధాన్‌లు కీక్రి అనే తంత్రీవాద్యం వాయిస్తూ చెప్పే దేవుళ్ల కథలు రాసుకున్నారు. 1948లో అచ్చయిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ పుస్తకం ఆ రాత్రుల పంటే.

దండారి దారి

వానాకాలం అడవిలో ఊరికీ ఊరికీ మధ్య వాగులు అడ్డం. ఆశ్వయుజం వచ్చేసరికి వాగులు తగ్గుతాయి, బాటలు ఆరతాయి. జొన్న ఇంకా కోతకు రాలేదు. చేలల్లో కలుపు పని అయిపోయింది. ఏడాదిలో గోండు రైతుకు కాస్త తీరిక దొరికేది ఈ కాస్త సందులోనే, దానికి తోడు వెన్నెల. దండారి ఆ తీరికలో పుట్టిన పండుగ.

ముందు వాయిద్యాలను దింపి, శుద్ధి చేసి, పూజిస్తారు. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో దేవత గుడి ఉంది. ఎన్నో ఊళ్ల దండారి బృందాలు ముందుగా అక్కడికి పోయి, కాకోకు మొక్కి, గోదారి నీళ్లు తీసుకుని తమ ఆట మొదలుపెడతాయి. దండారిని తమకు ఇచ్చింది ఏత్మాసుర్ దేవుడని గోండుల నమ్మకం. కాబట్టి వేషం కట్టినవాడిని వాళ్లు ఆటగాడని అనుకోరు. ఆ పండుగ రోజులన్నీ అతను గుస్సాడీ, అంటే దేవుడు ఆవహించిన మనిషి.

ఆ మనిషిని కాస్త దగ్గర నుంచి చూద్దాం. తలమీద ఉన్నది మల్‌బూర. వందల నెమలి ఈకలను ఒక్కొక్కటీ కూర్చి కట్టిన కిరీటం అది. ఈకల కళ్లు చుట్టూ విచ్చుకుని ఉంటాయి, మనిషి కదిలితే అవన్నీ ఒక్కసారే రెప్ప వేసినట్టు అదురుతాయి. ముందుభాగాన అద్దాలు, రంగు పట్టీలు, కొన్నిటికి జంతువు కొమ్ములు. ఏడాది పొడుగునా దాన్ని ఇంట్లో ఎలుక, చెద తగలనంత ఎత్తున దాచుకుంటారు. ముఖానికి మసి, పెట్టుడు గడ్డం మీసం. ఒంటికి బూడిద, దాని మీద చుక్కలు. మెడలో పూసలు, గవ్వలు. ఎడమ భుజాన మేకతోలు, నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో కర్ర. ఒకసారి దీక్ష పట్టాక పండుగ ముగిసేదాకా స్నానం లేదు. పడక నేల మీదే. నీటి చుక్క ఒంటిమీద పడితే దీక్ష చెడిందన్నట్టే.

ఒక ఊరి దండారి ఇంకో ఊరికి బయలుదేరితే ముందు చేరేది చప్పుడు. డోలు, తుడుం, మట్టి గుమేల మోత అడవి మీదుగా వస్తుంది. దాని నడుమ పేప్రె సన్నాయిలా సాగుతుంది. ఆ చప్పుడు వినగానే ఈ ఊరి పెద్దలు, పటేల్ నీళ్లు పట్టుకుని పొలిమేరకు ఎదురెళ్తారు. రామ్ రామ్ చెప్పుకుంటారు. వచ్చినవాళ్ల కాళ్లు కడుగుతారు. అప్పుడు గానీ దండారి ఊళ్లో అడుగుపెట్టదు. ముందు గుస్సాడీలు, వెనక కోలలు పట్టిన యువకులు, ఆడవేషం కట్టిన కుర్రాళ్లు పోరిక్‌లు, ఆ వెనక ముసలీముతకా నడిచివస్తారు. పటేల్ వాకిట్లో రాత్రంతా ఆట. గుస్సాడీ ఒక్కసారి గజ్జె ఘల్లుమనిపించి గుంపు మీదికి దూకుతాడు. ఆడవాళ్లు నవ్వుతూ వెనక్కి జరుగుతారు. పిల్లలు కేకలేసి పరుగెడతారు. అంతలోనే అతను నిలబడి, నడుం నొప్పితో కూర్చున్న అవ్వ వీపు మీద కర్ర ఆనిస్తాడు. రోగం పోతుందని ఆ అవ్వ నమ్మకం. బిడ్డలు లేనివాళ్లు, జ్వరం తగ్గనివాళ్లు అదే కర్ర కోసం ముందుకొస్తారు.

హైమన్‌డార్ఫ్ ఇదంతా కలంతోనూ కెమెరాతోనూ నమోదు చేశారు. ఆయన తీసిన ఫొటోలు, మూకీ చిత్రాలు ఈనాటికీ లండన్‌లోని సోయస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి.

భయం వెనక వియ్యం

వియన్నాలో పుట్టి పెరిగినవాడికి శరత్తు చివర చచ్చినవాళ్ల తలపు కొత్త కాదు. నవంబరు 1, 2 తేదీల్లో అక్కడి జనం సమాధులకు పోయి దీపాలు పెడతారు. 1874లో తెరిచిన వియన్నా పెద్ద శ్మశానంలో ఆ సాయంత్రాలు దీపాలతో మెరుస్తాయి. ఆ తర్వాత డిసెంబరు మొదటివారంలో ఆల్ప్స్ పల్లెల్లో క్రాంపస్ వస్తాడు. కొమ్ములు, గొర్రెతోలు, నడుముకు గంటలు. చెప్పిన మాట వినని పిల్లలను బుట్టలో వేసుకుపోతానని బెదిరించడం అతని పని.

ఇంకాస్త పడమరకు పోతే ఐర్లండు. అక్కడి పాతకాలపు జనానికి అక్టోబరు ఆఖరు రాత్రి ఎండాకాలానికీ చలికాలానికీ సంధి. ఆ రాత్రి పైలోకం తలుపు తెరుచుకుంటుందని నమ్మేవాళ్లు. క్రైస్తవం వచ్చాక అది సకల పవిత్రుల పండుగకు ముందురాత్రిగా మారింది. ఇంగ్లండులో పేదలు, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంట్లో పోయినవాళ్ల పేరిట ప్రార్థన చేస్తామని చెప్పి చిన్న రొట్టెలు అడిగేవాళ్లు. 1840లలో ఆలుగడ్డ పంట కుళ్లి ఐర్లండు కరువున పడ్డప్పుడు లక్షలమంది అమెరికాకు ఓడలెక్కారు. వాళ్ల వెంట ఆ రాత్రీ సముద్రం దాటింది. ఊళ్లో ముల్లంగి లాంటి టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవాళ్లకు అక్కడ గుమ్మడికాయ దొరికింది. ఈనాడు లోకమంతా చూసే హాలోవీన్ అదే. అన్నం లేక ఊరు విడిచిన వలసజీవులు వెంట తీసుకుపోయిన పండుగ అది.

కొమ్ము, తోలు, గజ్జె, మసి ముఖం ఆల్ప్స్‌లోనూ ఉన్నాయి, మార్లవాయిలోనూ ఉన్నాయి. గుస్సాడీ మాత్రం ఎవరినీ శిక్షించడానికి రాడు. గోండు సమాజాన్ని నిలబెట్టే కట్టు నాలుగు సగలు: నాల్వెన్, సీవెన్, సార్వెన్, ఎర్వెన్. నాలుగు దేవతలవాళ్లు, ఐదువాళ్లు, ఆరువాళ్లు, ఏడువాళ్లు అని అర్థం. ఒకే సగవాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. దండారి ఎక్కువగా వియ్యం అందుకోదగ్గ ఊళ్లకే పోతుంది. రాత్రి ఆట చూసే కుర్రకారు ఒకరినొకరు చూసుకుంటారు. పొద్దున పెద్దలు పక్కన కూర్చుని పిల్లల ఊసు ఎత్తుతారు. పండుగ అయ్యాక సంబంధాలు కుదురుతాయి. పాత పగలు ఉంటే, ఒకే వాకిట్లో అన్నం తిన్న చేతులు వాటిని చల్లారుస్తాయి. ఈ ఏడు మీరొస్తే వచ్చే ఏడు మేమొస్తాం అనేది లెక్క.

దీపావళి వేళకు కొలబోడి అనే ముగింపు తంతుతో అంతా ముగుస్తుంది. ఊరి బయట చెట్టు కింద దేవుడికి మొక్కు చెల్లించి, మేకనో కోడినో కోసి, మల్‌బూర దించి, గజ్జెలు విప్పి, గుస్సాడీలు స్నానం చేస్తారు. బూడిద కరిగి పోతుంది. దేవుడు వెళ్లిపోయి రైతు మిగులుతాడు. తెల్లారితే అతనికి జొన్నచేను కావలి ఉంది.

దక్షిణపు గట్టు

గోదావరి దాటి కరీంనగర్ వైపుకు వస్తే కథ పదిహేను రోజులు ముందే, భాద్రపద అమావాస్యతో మొదలవుతుంది. దాన్ని మనవాళ్లు పెత్రమాస అంటారు. ఆ పొద్దున పోయిన అయ్యవ్వల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు, ఉప్పు, చింతపండు దానమిస్తారు. పెద్దలకు బియ్యమిచ్చుడు అంటే అదే. అదేరోజు సాయంత్రం ఆడబిడ్డలు తంగేడు, గునుగు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పొద్దున పోయినవాళ్లకు బువ్వ, మాపు బతుకుకు పాట. ఒకే అమావాస్య ఆ రెంటినీ మోస్తుంది.

దీపావళి నాడు కరీంనగర్ పట్టణంలోనే మరో దృశ్యం ఉంది. కార్ఖానాగడ్డ శ్మశానవాటికకు దళిత కుటుంబాలు తరలివస్తాయి. అంతకు ముందే సమాధుల చుట్టూ గడ్డి పీకి, సున్నం కొట్టి, రంగులు వేసి ఉంచుతారు. పండుగ సాయంత్రం బంతిపూల దండలు వేస్తారు. పోయిన మనిషికి ఇష్టమైన పిండివంట, కూర ఆకులో పెట్టి సమాధి ముందు ఉంచుతారు. ప్రమిదలు వెలిగించాక పిల్లలు అక్కడే కాకరపువ్వొత్తులు కాలుస్తారు. కొత్తబట్టలు కట్టుకున్న ఆడవాళ్లు సమాధుల మధ్యనే కూర్చుని చుట్టాలతో మాట్లాడుకుంటారు. దశాబ్దాలుగా నడుస్తున్న ఆచారమిది. వియన్నాలో నవంబరు దీపాలు చూసినవాడెవడైనా ఆ సాయంత్రం కార్ఖానాగడ్డలో నిలబడితే, తనకు తెలిసిన పండుగకే వచ్చాననుకుంటాడు. చీకట్లో శ్మశానం పేరు చెబితే వణికే మనకు ఆ కుటుంబాలు ఒక మాట నేర్పుతున్నాయి: లోపల ఉన్నది మన నాయనే అయితే భయపడేది దేనికి?

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి

ఉత్తర తెలంగాణ పల్లె బతుకును మూడు మాటల్లో చెప్పే నానుడి అది. సింగరేణి బావులకు కొందరు, భివండి మగ్గాలకు కొందరు, గల్ఫ్ ఎడారికి కొందరు పోయారు. ఆ తర్వాతి తరంలో చదువుకున్నవాళ్లు అమెరికా పోయారు. హైమన్‌డార్ఫ్ పరాయి పండుగను చూడటానికి ఇటు వచ్చారు, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ బిడ్డలు పని కోసం అటు పోయి పరాయి పండుగ మధ్యన పడ్డారు.

దుబాయి కార్మికుల గదిలో ఉన్నవాడికి పెత్రమాస ఫోనులో జరుగుతుంది. బియ్యమిచ్చేటప్పుడు తాత పేరు ఇంటి దగ్గర తమ్ముడు చెబుతాడు, ఇతను అవతల వింటాడు. అమెరికాలో ఉన్న తల్లికి చిక్కు వేరు. అక్టోబరు పొడుగునా ఎదురింటి గుమ్మంలో పుర్రె, ఎముకల గూడు, సాలెగూడు వేలాడుతుంటాయి. మన దగ్గర గడపకు పసుపు రాసి గుమ్మడికాయ కట్టేది దిష్టి పోవడానికి. అక్కడ గుమ్మడికాయకు పళ్లు చెక్కి లోపల దీపం పెడతారు. పిల్లాడు బడిలో చెప్పారని దయ్యం వేషం కావాలని ఏడుస్తాడు. మొదటి ఏడు ఆ తల్లి గుండె ఒప్పుకోదు. రెండో ఏడు తలుపు తట్టిన చుట్టుపక్కల పిల్లల చేతిలో మిఠాయి పెడుతుంది. వాకిట్లోకి వచ్చిన బిడ్డను ఉత్తచేతులతో పంపకూడదని ఆమెకు ఊరు నేర్పింది కదా.

అలాంటి తల్లులకు ఈ చరిత్రకారుడు చెప్పేది ఒకటే. ఆ పండుగను చిన్నచూపు చూడకండి, అదీ ఆకలితో వలసపోయినవాళ్లు మోసుకొచ్చిందే. అయితే దాని నీడలో మీ పెత్రమాసను పోగొట్టుకోకండి. దయ్యం వేషం వేసుకున్న మీ పిల్లాడికి అదే వారంలో గుస్సాడీ బొమ్మ చూపించండి. మా ఊరి పక్క అడవిలో ఈ రూపం చూసి పిల్లలు పరుగెడతారు, పెద్దలు మొక్కుతారు అని చెప్పండి. ఇవాళ వేషం కట్టిన పిల్లాడు ఆ మాట మరిచిపోడు.

మార్లవాయి మట్టి

హైమన్‌డార్ఫ్ పుస్తకం రాసి ఊరుకోలేదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకు గోండు మాస్టరు సొంతమాటలో చదువు చెప్పడం అక్కడ మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వం ఆయనను గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించింది. గోండి నేర్చుకున్న సేతుమాధవరావు పగడి లాంటి అధికారులూ ఆ పనిలో కలిసిరావడంతో వేల ఎకరాలకు గిరిజనుల పేర పట్టాలు వచ్చాయి. లండన్ పోయి ఆచార్యుడయ్యాక కూడా ఆయన, బెట్టి తిరిగి వస్తూనే ఉన్నారు. 1970ల చివర్లో వచ్చి చూసేసరికి, ఆనాడు ఇప్పించిన నేల చాలాచోట్ల మళ్లీ చేతులు మారిపోయింది. ఆ బాధనంతా ఆయన 1982 నాటి పుస్తకంలో దాపరికం లేకుండా రాశారు.

1987 జనవరి 11న బెట్టి హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలో కట్టారు. 1995లో లండన్‌లో హైమన్‌డార్ఫ్ పోయాక ఆయన చితాభస్మం కూడా అక్కడికే చేరింది. రెండు సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి, పూలు వేసి, తమ పెద్దలను తలచుకున్నట్టే తలచుకుంటారు. అడవిలో చచ్చినవాళ్ల తంతులను నమోదు చేయడానికి వచ్చిన మనిషిని ఆ ఊరు తన పెద్దల్లో ఒకడిగా కలుపుకుంది.

అదే మార్లవాయిలో పుట్టిన కనకరాజు గుస్సాడీని ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకుపోయారు. వందలమంది కుర్రాళ్లకు ఆట నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబరు 25న, ఊరూరా దండారి మోగుతున్న రోజుల్లోనే, సొంత ఊళ్లో కన్నుమూశారు. ఆ ఏడు దీపావళి, హాలోవీన్ ఒక్క రోజునే, అక్టోబరు 31నే పడ్డాయి.

దండారి చూడాలని జైనూరు, ఉట్నూరు వైపు పోయే పట్నం పాఠకులకు ఒక మనవి. గుస్సాడీని తమాషా వేషం అనకండి. అడగకుండా మల్‌బూర మీద చెయ్యి వేయకండి, ముఖం మీద కెమెరా పెట్టకండి. పొలిమేరలో ఆగండి. ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిస్తే తీసుకోండి, వాకిట్లో పెట్టిన బువ్వ తినండి. ఆ ఊరు మిమ్మల్ని చుట్టంగా చూస్తుంది, మీరూ చుట్టంలా మసలుకోండి.

(సశేషం)